ఆరు గళ్ళ పేరు

ఆరో నెల రాగానే డాక్టరమ్మ మా అక్కను మంచం దిగొద్దంది. బీపీ ఎక్కువగా ఉంది, కంగారు పడకూడదు, ఏడవకూడదు, ఎడమ పక్కకి తిరిగి పడుకోవాలి, అంతే. బావది సీతాఫల్‌మండి. అక్కడ మేడ మెట్లు ఎక్కి దిగడం కుదరదని అక్కను మెట్టుగూడలో మా ఇంటికి తెచ్చేశాం. నాన్న గూడ్సు బండి గార్డు, నెలలో సగం రోజులు బండి మీదే ఉండేవాడు. ఇంట్లో మిగిలింది అమ్మ, అక్క, నేను.

అక్కకి అది రెండోసారి. మొదటిసారి ఏడో నెలలో పోయింది. ఆడపిల్ల అని మాత్రం చెప్పారు. ఆ తరవాత మా ఇంట్లో ఆ ఊసు ఎవరూ ఎత్తలేదు. ఎత్తబోతే అమ్మ "ఊరుకోండ్రా, ఇప్పుడెందుకది" అని నోరు మూయించేది. ఈసారి అమ్మ జాగ్రత్తలు ఇంకా ముదిరాయి. పుట్టకముందు బిడ్డకి బట్ట కొనకూడదు, ఉయ్యాల మాట ఎత్తకూడదు, పేరు అనుకోకూడదు. ఒకసారి నేను సరదాకి ఏదో పేరు అనబోతే అమ్మ చేతిలో గరిటె నా మీదికి లేచింది.

నేనప్పుడు బేగంపేటలో ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసులో టెస్టర్‌ని. ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం నా పని. ఊళ్ళో ప్రతి సందులోనూ ఒక కంప్యూటర్ శిక్షణ బోర్డు వెలిసిన రోజులవి. ఉద్యోగం దొరికిందన్న పొగరు నాకు బాగానే ఉండేది. ఇంట్లో కూడా అందరి తప్పులూ పట్టేవాణ్ణి. అమ్మ జాగ్రత్తలు చూసి నవ్వేవాణ్ణి. కారణం లేకుండా ఏదీ చెడిపోదు, చెడితే వెతికితే దొరుకుతుంది అని ఉపన్యాసాలిచ్చేవాణ్ణి.

మంచం మీద పడుకుని పైకప్పు చూస్తున్న అక్కను రెండు వారాలు చూశాక నాకొక ఆలోచన వచ్చింది. మా చిన్నప్పుడు బాబాయి మస్కట్ నుంచి టీవీకి తగిలించే గేమ్ పెట్టె ఒకటి తెచ్చాడు. దానితో వచ్చిన కాట్రిడ్జ్, అంటే ఆట ఉండే డబ్బీ, ఒక్కటే. అందులో ఒక చిన్న మనిషి ఊళ్ళూ గుహలూ దాటుకుంటూ, దారిలో తోడు కలిసినవాళ్ళని వెంటేసుకుని, సముద్రం అవతలి కోటకి వెళ్ళాలి. అక్క ఆ కోట దాకా వెళ్ళనేలేదు. ఇంటర్ పరీక్షలకని అమ్మ ఆ పెట్టెను బీరువాలో పెట్టి తాళం వేసింది. పరీక్షలయ్యాక తీస్తే అది పలకలేదు. అక్క ఆ రోజు అన్నం తినలేదు.

ఆ ఆటే ఇప్పుడు ఎమ్యులేటర్‌లో దొరుకుతుందని మా ఆఫీసులో ఒకతను చెప్పాడు. ఎమ్యులేటర్ అంటే కంప్యూటర్ చేత పాత గేమ్ పెట్టె వేషం వేయించే ప్రోగ్రాం. అతను సీడీలో రాసిచ్చాడు. పార్క్ లేన్‌లో విడిభాగాలు ఏరుకొచ్చి నేను బిగించుకున్న కంప్యూటర్‌ని అక్క మంచం పక్కకి జరిపి, కీబోర్డు ఆమె చేతికందేలా స్టూలు మీద పెట్టాను. ఆట మొదలయ్యే ముందు వచ్చే పాట వినగానే అక్క దుప్పటి నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. గట్టిగా నవ్వకూడదు కదా.

ఆ ఆటను దాచుకోవాలంటే సత్రం దాకా నడవాలి. సత్రంలో పడుకుంటే అంతవరకు ఆడింది సేవ్ అవుతుంది. సత్రం చేరకముందే చస్తే మళ్ళీ మొదటికి. ఎమ్యులేటర్‌లో అయితే ఈ తిప్పలు లేవు. ఒక మీట నొక్కితే ఉన్నచోటే, ఉన్నది ఉన్నట్టు స్నాప్‌షాట్ తీసుకుంటుంది. ఇంకో మీట నొక్కితే ఆ క్షణానికి తిరిగి తీసుకెళుతుంది. మొదటి రోజు అది అక్కకు నేర్పిద్దామని మొదటి ఊళ్ళోనే ఒక స్నాప్‌షాట్ తీసి చూపించాను.

"అది దొంగదారి రా," అంది అక్క. "సత్రం దాకా నేను నడిచే వెళ్తాను. నాకు నడక ఉన్నది ఇందులోనే."

రెండు నెలలు అలాగే ఆడింది. రోజూ గంట, గంటన్నర. కలిసిన ప్రతి తోడుకూ మనమే పేరు పెట్టాలి, ఇంగ్లీషు అక్షరాలు, ఆరు గళ్ళు. చిన్న మనిషికి నాన్న తనను పిలిచే ముద్దుపేరు పెట్టుకుంది. శత్రువు కనబడగానే వెనక్కి పరిగెత్తే విలుకాడికి నా పేరు పెట్టింది. తిండిపోతు ఎలుగుబంటికి బావ పేరు. బావ అది చూసి, "గిట్ల జేస్తవా నన్ను!" అని మురిసిపోయాడు. మూడో తోడు పడవ రేవులో కలుస్తుంది, లాంతరు పట్టుకున్న చిన్నపిల్ల. ఆ పిల్ల పేరు మాత్రం మాకు చూపించలేదు. పేర్లు కనబడే చోటికి ఆట వచ్చినప్పుడు నేను గదిలోకి వస్తే చాలు, చటుక్కున మానిటర్ ఆపేసేది.

నాకు అర్థమయిందనుకున్నాను. పుట్టబోయే బిడ్డకి పేరు అనుకుంది, అమ్మకి భయపడి ఎవరూ చూడని చోట దాచుకుంది. చూడకూడదని నేనూ తల తిప్పేసుకునేవాణ్ణి. నాలో ఉన్న మంచితనం అంతవరకే.

ఎనిమిదో నెలలో ఒక శనివారం అమ్మ అక్కను ఆటోలో పరీక్షలకి తీసుకెళ్ళింది. బావ తిన్నగా ఆసుపత్రికి వస్తానన్నాడు. సాయంత్రం ఆరుకల్లా వచ్చేస్తారు. కీబోర్డు మీద మీటలు నొక్కీ నొక్కీ అక్క మణికట్టు వాచిందని ముందురోజే రెండు చేతుల్లో పట్టుకుని ఆడే గేమ్‌ప్యాడ్ ఒకటి కొన్నాను. వచ్చేసరికి బిగించి పెడదామని, తగిలించి, ఆట తెరిచాను. ఇక్కడే నా తెలివి తెల్లారింది. ప్యాడ్ పనిచేస్తోందో లేదో చూడాలి, కానీ అక్క ఆటను ముట్టుకోకూడదు. అందుకని జాగ్రత్తగా, చాలా జాగ్రత్తగా, మొదటి రోజు నేను తీసిన పాత స్నాప్‌షాట్‌లోకి వెళ్ళాను. మొదటి ఊళ్ళో అటూ ఇటూ నాలుగడుగులు నడిపించాను. ప్యాడ్ బ్రహ్మాండంగా ఉంది. ఆట మూసేశాను.

టీ పెట్టుకోవడానికి లేచినవాణ్ణి సగంలో ఆగిపోయాను. స్నాప్‌షాట్ ఆట ఒక్కదాన్నే వెనక్కి తీసుకుపోదు. కాట్రిడ్జ్ జ్ఞాపకాన్ని కూడా, అంటే సత్రంలో దాచుకున్నదాన్ని కూడా, ఆ రోజు ఎలా ఉందో అలా చేసేస్తుంది. మూసేటప్పుడు దాన్నే డిస్కు మీద రాసేస్తుంది. మళ్ళీ తెరిచాను. సత్రం జాబితాలో చిన్న మనిషి ఒక్కడే ఉన్నాడు, మొదటి ఊళ్ళో, చేతిలో కర్రతో. విలుకాడు లేడు, ఎలుగుబంటి లేడు, లాంతరు పిల్ల లేదు. రెండు నెలల నడక నాలుగడుగులతో పోయింది. నకలు తీసి పెట్టానా? ఆఫీసులో పదిమందిని ఇదే మాట అడిగి నిలదీసేవాణ్ణి నేను. తీయలేదు.

గడియారం పన్నెండున్నర చూపిస్తోంది. ఆరింటికి అక్క వస్తుంది, రాగానే ఆట తెరుస్తుంది, డాక్టరమ్మ కంగారు పడకూడదంది. నాకు ఆలోచించడానికి అంతకంటే ఏమీ అక్కర్లేకపోయింది. కూర్చుని ఆడటం మొదలుపెట్టాను. ఎమ్యులేటర్‌లో ఉన్న దొంగదారులన్నీ తొక్కాను. వేగం పెంచే మీట మీద వేలు పెట్టి తీయలేదు. బలం పెంచే దొంగ సంకేతాలు ఇంటర్నెట్‌లో వెతికి ఎక్కించాను. చిన్న మనిషి తెర మీద పిచ్చి పట్టినట్టు పరిగెత్తాడు. పాట వేగానికి కీచుమంటోంటే స్పీకర్లు ఆపేశాను. విలుకాడు కలిశాడు, నా పేరు పెట్టాను. ఎలుగుబంటి కలిశాడు, బావ పేరు పెట్టాను. చొక్కా తడిసి వీపుకి అతుక్కుపోయింది. వీధిలో ఆటో చప్పుడయిన ప్రతిసారీ లేచి కిటికీలోంచి చూశాను.

అయిదు కాకముందే పడవ రేవు చేరాను. లాంతరు పిల్ల చీకట్లోంచి వచ్చి నిలబడింది. తెర మీద ఆరు ఖాళీ గళ్ళు తెరుచుకున్నాయి.

అంత పరుగులోనూ ఆ పిల్ల పేరు నాకు తెలియదన్న సంగతి గుర్తు రాలేదు. ఇక్కడిదాకా వస్తానని తెలుసు, వస్తే ఏం రాయాలో తెలియదు. ఏ పేరు రాసినా అక్కకి తెలిసిపోతుంది. అంతకంటే పెద్ద భయం ఇంకోటి, ఎవరికీ చెప్పుకోలేనిది, పట్టుకుంది. పుట్టబోయే బిడ్డ పేరు నేను చెరిపేశాను. అమ్మను చూసి నవ్విన నేనే ఆ గళ్ళ ముందు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయాను.

ఫోన్ మోగింది. బావ.

"బీపీ జెర ఎక్కువున్నదట. ఇయ్యాల ఈడనే ఉంచుమంటున్నరు. బీరువల పాత ఫైలు ఉన్నదట, అది, రెండు చీరలు పట్కొని రా. పరేషాన్ గాకు." తను పరేషాన్‌లో ఉన్నాడని గొంతే చెబుతోంది. "మీ అక్క నిన్నే అడుగుతున్నది."

గళ్ళను అలాగే ఖాళీగా వదిలి స్నాప్‌షాట్ తీసి, కంప్యూటర్ ఆపేసి, బస్సు కోసం ఆగకుండా ఆటో ఎక్కాను.

ఆసుపత్రిలో అక్క ఎడమ పక్కకి తిరిగి ఉంది. మొహం ఉబ్బింది. నర్సు కుడిచేతికి పట్టీ చుట్టి గాలి కొడుతోంది. అక్క ఎడమచేత్తో నన్ను దగ్గరికి రమ్మంది.

"నా ఆట ఎవరూ ముట్టుకోలేదు కదా?"

నర్సు గాలి వదిలింది. పాదరసం మెల్లగా దిగుతోంది. నేను దాన్నే చూస్తున్నాను.

"లేదక్కా. ఎక్కడిదక్కడే ఉంది."

"లాంతరు పిల్ల?"

"ఉందిలే. పడుకో నువ్వు."

పాదరసం ఎక్కడ ఆగిందో నాకు కనబడలేదు. నర్సు రాసుకుని, ఏమీ చెప్పకుండా డాక్టరమ్మ కోసం వెళ్ళింది. అక్క కళ్ళు మూసుకుంది. మర్నాడు పొద్దున్నే ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. ఆడపిల్ల. అరచేతిలో పట్టేంత ఉంది. అద్దాల పెట్టెలో పెట్టారు.

ఆ పెట్టె ముందు నిలబడిన రోజుల గురించి ఎక్కువ రాయలేను. అమ్మ దండం పెట్టుకునేది, బావ అక్కణ్ణుంచి కదిలేవాడు కాదు. నేను మాత్రం వాళ్ళ పక్కన నిలబడి, ఇదంతా నా మూలంగానే అనుకునేవాణ్ణి. మధ్యాహ్నం పేరు చెరిపాను, సాయంత్రం అక్కను ఉంచేశారు. కారణం లేకుండా ఏదీ చెడిపోదన్నవాణ్ణి కదా, నా కారణం నాకు దొరికింది. అన్నం సయించలేదు. అక్క మొహం చూడలేక, మందులు తెస్తానని ఎప్పుడూ మెట్ల మీదే ఉండేవాణ్ణి.

బిడ్డ బతికింది. రెండు వారాలకు ఇంటికి పంపారు. ఇరవై ఒకటో రోజున బావ బియ్యం పళ్ళెంలో ఉంగరంతో పేరు రాశాడు. బిడ్డ చెవిలో మూడుసార్లు చెప్పాడు. బావ వాళ్ళ నాయనమ్మ పేరు, ఎంత కుదించినా ఆరు గళ్ళలో పట్టదు. నేను అక్క మొహంకేసి చూశాను. మామూలుగానే ఉంది. నాకేమీ అర్థం కాలేదు.

ఆ మధ్యాహ్నం చుట్టాలు వెళ్ళిపోయారు. బిడ్డ అమ్మ ఒళ్ళో నిద్రపోయింది. అక్క కంప్యూటర్ ముందు కుర్చీలో కూర్చుంది, పడుకుని కాకుండా కూర్చుని ఆడబోవడం ఇదే మొదటిసారి. చెయ్యి మీట మీదికి పోతోంటే నేను పట్టుకున్నాను.

"అక్కా, ఆగు. నేను చెరిపేశాను."

అంతా చెప్పాను. ప్యాడ్, స్నాప్‌షాట్, పన్నెండున్నర నుంచి పరుగు, ఆసుపత్రిలో అబద్ధం. అక్క తెర వైపు చూస్తూనే విన్నది.

"ఆ పిల్లకి ఏం పేరు పెట్టావు?"

"పెట్టలేదు. గళ్ళు ఖాళీగానే ఉన్నాయి." ఆపుకోలేక ఇంకా అన్నాను, "పుట్టకముందే బిడ్డ పేరు చెరిపేశానని చచ్చిపోయాననుకో భయంతో. పాపకి ఏమన్నా అయితే…"

అక్క నా వైపు తిరిగింది. ఏడుస్తుందనుకున్నాను. కోపంతో ఆమె ముక్కుపుటాలు అదిరాయి.

"పుట్టబోయేదానికి పేరు పెట్టే ధైర్యం నాకెక్కడిదిరా? అది మొదటిదాని పేరు."

అక్క మళ్ళీ తెర వైపు తిరిగింది.

"ఆసుపత్రి కాయితంలో దానికి పేరు లేదు. నా పేరు రాసి, ఫలానా ఆమె బిడ్డ అన్నారు. ఫోటో లేదు. బారసాల లేదు. మీరెవరూ దాని ఊసే ఎత్తలేదు. నేను ఎత్తబోతే అమ్మ ఊరుకోమనేది. అంతకుముందే నేను అనుకున్నాను దానికొక పేరు. ఆ పేరు రాసున్నది లోకంలో ఇక్కడొక్కచోటే. రెండు నెలలు నాతో నడిచింది అది, లాంతరు పట్టుకుని."

అమ్మ గుమ్మంలో ఉంది. బిడ్డను భుజాన వేసుకుని, ఎప్పుడు వచ్చి నిలబడిందో తెలియదు. ఊరుకోమంటుందేమో అని చూశాను. ఏమీ అనలేదు.

నేను ఆ రోజు తీసిన స్నాప్‌షాట్ తెరిచాను. రేవు, పడవ, చీకట్లో పిల్ల, ఆరు ఖాళీ గళ్ళు. గేమ్‌ప్యాడ్ అక్క చేతిలో పెట్టి కిటికీ వైపు తిరిగి నిలబడ్డాను. వెనక మీట చప్పుడు ఒక్కొక్కటీ వినిపించింది. ఒకసారి తప్పు అక్షరం పడ్డట్టుంది, దిద్దుకుంది.

"ఇటు చూడరా," అంది. "అమ్మా, నువ్వూ రా."

చూశాం. అమ్మకి ఇంగ్లీషు రాదు, అందుకని నేను పైకి చదివాను. అమ్మ ఆ పేరు ఒకసారి తనలో తను అనుకుంది, తరవాత కొంచెం గట్టిగా అంది. అక్కకి అప్పుడు ఏడుపొచ్చింది, ఎవరూ వద్దనలేదు.

"ఇప్పుడు మీ ఇద్దరికీ తెలుసు," అంది కాసేపటికి ముక్కు తుడుచుకుంటూ. "ఇంక చెరుపు చూద్దాం, ఎలా చెరుపుతావో."

స్నాప్‌షాట్ మీట మీదికి అలవాటుగా వెళ్ళిన నా చేతి మీద ఒకటి వేసింది. రేవు నుంచి సత్రం చాలా దూరం. నలుగురినీ నడిపించుకుంటూ వెళ్ళి, అక్కడ పడుకోబెట్టాం.