లేని తుమ్మచెట్టు చుట్టూ మోటారు పడవ

ముందుగా ప్రమాణం. ఎడమచెయ్యి గుండె మీద, కుడిచెయ్యి టమేటా క్రేటు మీద పెట్టి చెబుతున్నాను. కింద రాసిన ప్రతి మాటా నిజం. మదనపల్లె మండీలో వేలం పాడేవాణ్ణి కాబట్టి నా నోటికి హద్దు లేదని, కాయ సైజు చూపించేటప్పుడు నా రెండు చేతులూ కాస్త ఎక్కువ దూరం జరుగుతాయని ఊళ్ళో ఒక పేరుంది. ఈ ఒక్కసారికి ఆ పేరు పక్కన పెట్టి చదవండి.

మాది బోరు వేస్తే దుమ్ము లేచే సీమ. ఇలాంటి చోట మోటారు పడవల పిచ్చి ఎందుకు పుట్టిందో నాకూ తెలియదు. ఎప్పుడూ నీళ్ళుండే ఊళ్ళవాళ్ళకు పడవంటే కాలికి చెప్పుల్లాంటిది, ఉంటే ఉంటుంది. మాకు అట్లా కాదు. చెరువు నిండిన ఏడాది కాళ్ళు ఒకచోట నిలవవు. పంపుసెట్టు ఇంజన్లు, పాత వ్యాన్ల ఇంజన్లు పడవలకు బిగించి, ఏ చెరువు నిండితే ఆ చెరువుకు ట్రాక్టర్ల మీద మోసుకుపోయేవాళ్ళం. ఒక ఏడాది వెంకటగిరికోట పక్కన, ఇంకో ఏడాది నిమ్మనపల్లె పక్కన. కట్ట మీద జనం, బజ్జీల బండ్లు, మైకులో నా గొంతు.

ఈ పిచ్చి అందరికంటే ఎక్కువగా పట్టింది మా బావకు, అంటే మా అక్క మొగుడికి. పుంగనూరులో ఫైబరు నీళ్ళట్యాంకులు చేసే షెడ్డు ఉందాయనకు. ట్యాంకులు పోయగా మిగిలిన ఫైబరుతో ఏళ్ళ తరబడి ఒక పడవ పోశాడు. అడుగున వెన్నుగా ఒక తుమ్మమాను పెట్టాడు. ఆ మాను కథ ఇక్కడే చెప్పాలి. బావ ఉండే పల్లె చెరువుకు అవతల, షెడ్డు ఇవతల. చెరువు ఎండిన కాలమంతా ఆయన మోపెడ్ మీద చెరువు నడిమధ్యలోంచే అడ్డదారిన వచ్చేవాడు. ఆ బాటకు సరిగ్గా మధ్యలో ఒక పెద్ద తుమ్మచెట్టు. అక్కడికి రాగానే బండి కుడికి తిప్పి, చెట్టును చుట్టి రావాలి. చెరువులో చెట్లు వేలానికి వచ్చినప్పుడు ఆయన ఆ చెట్టునే పాడుకుని, కోయించి, పడవకు వెన్ను చేశాడు.

అయితే ఆ పడవ ఎన్నడూ చెరువు ముఖం చూడలేదు. ఇంజన్ దొరికిన ఏడాది నీళ్ళు రాలేదు. నీళ్ళు వచ్చిన ఏడాది అడుగున తిరిగే ఫ్యాను రాలేదు. షెడ్డు వెనక సిమెంటు తొట్టి కట్టించి, పడవను తాళ్ళతో నాలుగు దిక్కులకూ కట్టి, అడుగున పాత టేబుల్ ఫ్యాను రెక్కలు తగిలించి అందులోనే ఇంజన్ తిప్పి చూసుకునేవాడు. ఒకసారి పూర్తిగా రేజ్ చేస్తే తొట్టిలో నీళ్ళన్నీ లేచిపోయి, పక్కింటి మిద్దె మీద ఎండుతున్న వడియాలు మళ్ళీ పిండి అయినాయి. ప్రమాణం చేసే చెబుతున్నాను.

అక్క ఓపిక ఆ వడియాలతో అయిపోయింది.

"ఈ చవితి దాటినాక ఆ పడవ షెడ్డులో ఉండాదంటే సూడు, ఇంజన్ పీకేసి ఆవుకు కుడితి తొట్టి చేస్తా" అంది.

"మనది పుంగనూరు ఆవు గదమ్మే, పొట్టిది. దానికి అందదు" అన్నాడు బావ.

"నిలబడేదానికి కింద రాయి వేస్తా. నువ్వు పడవ చేయంగా లేనిది నేను రాయి వేయలేనా?"

అక్క అన్నదంటే చేస్తుంది. బావకు ఆ సంగతి నాకంటే బాగా తెలుసు.

ఆ ముందటి వానలకు మా చెరువు నిండి అలుగు పారింది. ఫ్యాను కూడా వచ్చింది. ఇక దించడమే అనుకుని వెళ్ళేసరికి కట్ట మీద కొత్త బోర్డు. మోటారు పడవలు తిప్పరాదు, పోటీలు పెట్టరాదు, జనాన్ని పోగుచేయరాదు. ఆ చెరువు నీళ్ళు ఊరికి తాగడానికి కేటాయించారట. వెనకటి ఏడాది నిమ్మనపల్లె పక్కన మా పోటీలో ఒక పడవ తిరగబడి డీజిల్ నీళ్ళలో కలిసిన మాట నిజమే. ఆ పడవ మా వాళ్ళదేనని కూడా ఒప్పుకుంటాను.

బోర్డు పెట్టిన వారానికే పుంగనూరు టీ అంగట్లో మా పడవల వాళ్ళమంతా కూడాం. కుప్పం నుంచి గ్రానైటు పాలిషింగ్ ఫ్యాక్టరీ ఆయన కారేసుకుని వచ్చాడు. సముద్రం పక్క ఊళ్ళో కొన్న రెడీమేడ్ ఎర్ర పడవ ఉందాయనకు. ఆదివారం చర్చి అయ్యాకే పడవను ముట్టుకుంటాడు, ముట్టుకుంటే మాత్రం వదలడు. వాళ్ళ వైపు చెరువుల దగ్గర కూడా అలాంటి బోర్డులే లేచాయట.

ఒకరు అర్జీ అన్నారు. ఒకరు పడవల్ని ట్రాక్టర్లెక్కించి రోడ్డు మీద ఊరేగిద్దామన్నారు. నేను మైకు తెస్తానన్నాను. కుప్పం ఆయన మమ్మల్ని చూసి నవ్వాడు.

"నీళ్ళలో తిప్పొద్దంటే రోడ్డు మీద తిప్పుతారా? రోడ్డు మీద అయితే లారీనే గెలుస్తాది గదప్పా."

బావ మాత్రం టీ గ్లాసు తిప్పుతూ కూర్చున్నాడు. అందులో టీ ఎప్పుడో అయిపోయింది.

చివరకు బావా నేనూ ఇరిగేషన్ ఆఫీసుకు పోయాం. అక్కడి ఇంజనీరు మేడమ్‌ది మా సీమే, మాట సూటిగా ఉంటుంది.

"తాగే నీళ్ళప్పా అవి. మీ ఇంజన్ నూనె తీసి ఇంట్లో చారులో పోసుకుంటారా?"

బావ తల వంచుకుని వచ్చేశాడు. కొన్నాళ్ళకు ఇంజన్ కింద చుక్క కూడా బయటికి పోకుండా ఫైబరు తట్ట పోసి, దాన్ని చంకన పెట్టుకుని మళ్ళీ పోయాడు. మేడమ్ ఆ తట్టను అటూ ఇటూ తిప్పి చూసింది.

"నూనె సంగతి సరే. పోటీ మాత్రం కుదరదు."

ఇక అప్పటినుంచి మా బావకు నిద్ర లేదు, నాకు వేలం లేదు. తాగడానికి పోను మిగతాది సాగుకని తూము ఎత్తారు. నీళ్ళు రోజూ దిగుతున్నాయి. తూము దగ్గర రాతిమెట్లున్నాయి. ఆయన పొద్దున్నా సాయంత్రం పోయి వాటి ముందు నిలబడేవాడు. నేను గొంతు చించుకుని క్రేట్లు పాడుతుంటే జేబులో ఫోను మోగేది.

"ఇంకో మెట్టు బయటపడిందిరా."

"బావా, వేలంలో ఉండాను."

"వేలం రేపు కూడా ఉంటాది. నీళ్ళు ఉండవు."

రాత్రి చినుకు పడితే తెల్లారి ఫోను రాదు. ఎండ కాస్తే రెండుసార్లు వస్తుంది. కుప్పం ఆయన కూడా నాకే చేసేవాడు, తాను ఎర్ర పడవకు రోజూ పాలిష్ పెడుతున్నానని, పెట్టీ పెట్టీ అది ఇప్పుడు గులాబీ రంగులోకి వచ్చిందని. నేను మండీలో ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదకు మారుతూ నిలబడేవాణ్ణి. ఒకరోజు పాట ఎక్కడ ఆపానో మరిచిపోయి, పెద్దతిప్పసముద్రం రైతు కాయను ఆయనకే పాడేశాను.

దారి చూపింది వినాయకుడే. ప్రతి చవితికీ కుర్రవాళ్ళు విగ్రహాలు ఎత్తుకుని మెడలోతు దాకా దిగడం, కట్ట మీద మేడమ్ ప్రాణాలు అరచేతిలో పెట్టుకోవడం మామూలే. ఈసారి రంగులేని మట్టి విగ్రహాలే వేయాలని, అవి కూడా కట్ట మీద నుంచి ఎవరూ దిగకుండా పడవలో తీసుకుపోయి వేయాలని ఆమె పట్టుబట్టింది. పడవలేమో మా దగ్గరే ఉన్నాయి. ఆమే కబురు పెట్టింది.

"రెండు పడవలు. తట్ట ఉన్నది ఒకటి, కుప్పం ఆయనది ఒకటి. అందరికీ లైఫ్ జాకెట్లు. పోయినామా, వదిలినామా, వచ్చినామా, అంతే. మైకు గియికు వద్దు." ఆ చివరి మాట నన్ను చూసి అంది.

ఆఫీసు మెట్లు దిగుతుండగా కుప్పం ఆయన నా చెవిలో అన్నాడు. "వచ్చేదానికి స్పీడు ఎంతో చెప్పలేదు సూడు."

"నీకు విగ్రహం మోయడం పర్వాలేదా?"

"బరువు బరువే గదప్పా. మా చర్చి అయ్యగారిని అడిగినా. ఎవురి పిల్లోళ్ళూ మునగకుండా ఉంటే చాలు పో అన్నాడు."

నిమజ్జనం నాటికి ఇంకా నీళ్ళున్నాయి. మధ్యలో లోతు కూడా ఉంది. మధ్యాహ్నం ఎండలో బావ పడవ మొట్టమొదటిసారి చెరువులోకి దిగింది. తాళ్ళు లేకుండా. ఆయన దాని పక్కన మోకాళ్ళలోతు నీళ్ళలో నిలబడి, పడవ అంచు మీద చెయ్యి వేసి ఊరికే ఉండిపోయాడు. కట్ట మీద నుంచి అక్క చూస్తోంది.

విగ్రహాన్ని ఒళ్ళో పట్టుకుని నేను ముందు కూర్చున్నాను. సాయంత్రం దాకా అటూ ఇటూ బుద్ధిగా తిరిగాం. మేడమ్ చూస్తోందని, తాబేలు కూడా దాటి పోయేంత నిదానంగా. చివరి రెండు విగ్రహాలూ వదిలాక చెరువు మధ్యలో రెండు పడవలూ పక్కపక్కకు వచ్చాయి. కుప్పం ఆయన బావ వైపు చూశాడు. బావ నా వైపు చూశాడు. రెండు ఇంజన్లూ ఒక్కసారి లేచాయి.

ముందు లేచింది మాదే. గాలికి నా టోపీ నిమ్మనపల్లె వైపు పోయింది. కట్ట మీద జనం నోళ్ళు తెరుచుకుని నిలబడ్డారు. ఒక చేప అడ్డంగా ఎగిరి నా ఒళ్ళో పడి, తప్పు పడవ ఎక్కానని మళ్ళీ దూకిపోయింది. ఎర్ర పడవ వెనకబడింది. ఒడ్డు మా ముందుకు వచ్చేస్తోంది. సరిగ్గా అప్పుడు మా బావ కుడికి తిప్పాడు. గుండ్రంగా, పెద్ద చుట్టు. ఎర్ర పడవ నేరుగా పోయి ఒడ్డు చేరింది. మేము ఎక్కడో తిరిగి, అందరూ చూస్తుండగా తీరుబడిగా వచ్చాం.

మేడమ్ కట్ట దిగి వచ్చింది. ముఖం ఎర్రబడి ఉంది.

"రేసు వద్దన్నానా లేదా?"

కుప్పం ఆయన పడవ తుడుస్తున్నట్టు నటిస్తున్నాడు. బావ లైఫ్ జాకెట్ ముడి విప్పుకుంటున్నాడు. నేనే చెప్పాను. మేడమ్, ఈయన మోపెడ్ మీద రోజూ ఈ చెరువులోంచే వచ్చేవాడు, ఆడ ఒక తుమ్మ ఉండేది, చేతికి అలవాటు, చెట్టు తగులుతాదని తిప్పినాడు, ఆ చెట్టు ఇప్పుడు యాడ ఉండాదో తెలుసా, ఈ పడవ అడుగునే ఉండాది, కావాలంటే వంగి సూడండి అని. ఆమె నిజంగానే వంగి చూసింది. తుమ్మమానును వేలితో తట్టింది. కాసేపటికి పెదవి కొరుక్కుంటూ లేచింది.

"రేసులో ఉన్నోడు లేని చెట్టును చుట్టి పోడులే. రెండూ రెండు దారుల్లో వచ్చినాయి, నేను కళ్ళారా చూసినా. వచ్చే చవితికి కూడా ఈ రెండు పడవలే రావాల. ఈసారి ఈ చెట్టును మరిచిపోయి రమ్మను."

అట్లా పోటీ జరగలేదని తేలింది. వచ్చే చవితికి పడవ కావాలని మేడమ్ అడిగింది కాబట్టి అక్క ఇంజన్ పీకలేదు. అయితే మాట మాటే అని, మిగతా కాలమంతా షెడ్డు బయట పడవలో కుడితి పోస్తోంది. కింద రాయి కూడా వేసింది. ఆవుకు బాగానే అందుతోంది.

తుమ్మచెట్టు కథ ఇప్పుడు పుంగనూరు టీ అంగళ్ళు దాటి కుప్పం దాకా పోయింది. వినేవాళ్ళకు బావ కూడా చెయ్యి ఎట్లా తిరిగిందో చూపిస్తున్నాడు. అందుకే ఒప్పుకోక తప్పడం లేదు. గాలికి పోయిన టోపీ నిజం. చేప నిజం, కొంచెం చిన్నది. పడవకు తుమ్మమాను వెన్ను ఉన్న మాట నిజం, కానీ దాన్ని మదనపల్లె కోత మిల్లులో కొన్నాం. ఆ చెరువు మధ్యలో తుమ్మచెట్టు ఏనాడూ లేదు. బావ ఆ దారిన మోపెడ్ తోలిందీ లేదు. మేడమ్ ముఖం చూసి కట్ట కిందనే అప్పటికప్పుడు అల్లాను.

పడవ గుండ్రంగా తిరుగుతున్నప్పుడు నేను వెనక్కి తిరిగి అరిచాను. "యాల తిప్పితివి బావా? గెలిచేవాళ్ళం గదా."

ఆయన ఒడ్డు వైపు చూడనే లేదు. నీళ్ళను చూస్తున్నాడు.

"నేరుగా పోతే అయిపోతాది గదరా" అన్నాడు.