పొలమారితే ఫోను

మా ఇంట్లో ఎవరికైనా పొలమారితే అమ్మ నడినెత్తి మీద తట్టి, గ్లాసుడు నీళ్లు తాగించి, "ఎవరో తలుసుకుంటన్నారు" అంటుంది. అక్కడితో వదలదు, ఆ మనిషెవరో తేల్చాలి. నాన్న విషయంలో తేల్చేదేమీ లేదు, శ్రీకాకుళంలో ఉన్న ఆయన చెల్లెలే. అమ్మ వెంటనే ఫోను చేసి అడిగేది. అత్త ఏ రోజూ కాదనలేదు.

నాన్న ఇక్కడే బెంగాల్లో, సంత్రాగాఛి రైల్వే యార్డులో పనిచేసి రిటైరయ్యాడు. ఊపిరితిత్తులు అక్కడి దుమ్ముకే సగం పోయాయి, మిగతా పని బీడీలు కానిచ్చేశాయి. పోయిన ఏడాది నుంచి అన్నం దగ్గర పొలమారడం ఎక్కువైంది. అమ్మ నీళ్లు పట్టించడం, అత్తకు ఫోను చేయడం. అత్తకు వేరే పనీపాటా లేదని మేం నవ్వుకునేవాళ్లం.

రెండోసారి నిమోనియా వచ్చాక, ఆసుపత్రిలో మింగడం నేర్పే బెంగాలీ అమ్మాయి నాన్నను కూర్చోబెట్టి పరీక్షించింది. ఆయాసం ఉన్నవాళ్లకు మింగేలోపే ఊపిరి తోసుకొస్తుందట, గుటక దారి తప్పి ఊపిరితిత్తుల్లోకి పోతుందట. "అన్నిటికంటే ప్రమాదం ఒట్టి నీళ్లే. దగ్గేటప్పుడు అసలు పట్టించకండి" అంది. అమ్మకు బెంగాలీ బాగానే వచ్చు. అయినా నా వైపు చూసింది. నేను తెలుగులో మళ్లీ చెప్పాను. నాకు ఏడుపు రాలేదు, కోపమూ రాలేదు. మనసు మొద్దుబారిపోయింది, ఇప్పటికీ అలాగే ఉంది.

ఇప్పుడు నీళ్లలో పొడి కలిపి, గంజిలా చిక్కబడ్డాక చెంచాతో ఇస్తాం. నాన్న గడ్డం దించి మింగుతాడు, ఊపిరి వదులుతాడు, మళ్లీ చెంచా. భోజనానికి ముందు ప్రార్థన ఆయనే చేసేవాడు, అదీ పొడుగ్గా. ఇప్పుడు ఆయాసం వస్తుందని నేను రెండు ముక్కల్లో ముగిస్తున్నాను. పొలమారితే ఎవరం ఏమీ అనం. అమ్మ చెయ్యి లేస్తుంది, సగంలో ఆగి కొంగు సర్దుకుంటుంది.

మొన్న ఆదివారం మేం అన్నాలు తింటుంటే అత్తే ఫోను చేసింది. అమ్మ స్పీకరు పెట్టింది.

"ఏటి వదినా, ఫోనే లేదు? అన్నయ్యకి పొలమారడం తగ్గిపోనాదేటి?"

"తగ్గిపోనాది" అంది అమ్మ.



"అదేటి? నానైతే రోజూ తలుసుకుంటానే ఉన్నాను."

నాన్న చెంచా కింద పెట్టి నా గ్లాసు కోసం చెయ్యి చాచాడు. అందులో ఉన్నవి ఒట్టి నీళ్లు. అమ్మ ఆ గ్లాసు దూరంగా జరిపి, ఫోనులోకి వంగి, "మాకు తెలుసమ్మా" అంది.