గ్రేడింగ్ బల్ల మీద గోధుమరంగు చీటీలు

2023 వేసవి. విశాఖపట్నంలో ఒక యూనివర్సిటీలో గ్రాఫిక్ డిజైన్ పాఠాలు చెప్పడం మొదలుపెట్టి అప్పటికి నాకు పద్నాలుగేళ్లు. మాది టెక్కలి. ఇంట్లో అందరూ గుమాస్తాలు, బడి పంతుళ్లు. నేను చేసే ఉద్యోగమేమిటో మా మేనమామకు ఇప్పటికీ అంతు పట్టలేదు. "బొమ్మలేయడం నేర్పడానికి యూనివర్సిటీ ఏటిరా?" అంటాడు. ఈ సందేహం చాలామందికి ఉంటుంది కనుక ముందే చెప్పేస్తాను. మా పిల్లలు నేర్చుకునేది బొమ్మలు గీయడం ఒక్కటే కాదు. మందు సీసా మీది చీటీ, బస్టాండులో బోర్డు, బ్యాంకు ఫారం, ఏదైనా సరే చూసినవాళ్లకు చప్పున అర్థమయ్యేలా అమర్చడం మా విద్య. నాలుగేళ్ల చదువు చివర్లో ఒక్కొక్కరూ ఒక నిజమైన క్లయింటుకి, అంటే పని చేయించుకునే ఆసామికి, ఏదో ఒకటి చేసి పెట్టాలి. "ఇది మాకు పనికొచ్చింది" అని ఆయన ఉత్తరం రాసిస్తేనే జ్యూరీ ముందు, అంటే పరీక్షకుల ముందు, నిలబడనిస్తాం.

ఆ ఏడు దమయంతి అనే అమ్మాయి తన ప్రాజెక్టుకు పలాసలో వాళ్లమ్మ పనిచేసే జీడిపప్పు ఫ్యాక్టరీని ఎంచుకుంది. వాళ్లది ఉద్దానంలో ఓ పల్లె. తల్లి గున్నమ్మ చాలా ఏళ్లు గింజలు పగలగొట్టే కటింగు సెక్షన్లో పనిచేసింది. పెంకులోని జీడి రసం అంటితే వేళ్లు నల్లబడి తోలు ఊడిపోతుంది. ఆముదం రాసుకున్నా పూర్తిగా ఆగదు. అలా ఏళ్ల తరబడి చేసి, చివరికి గ్రేడింగ్ బల్ల దగ్గరికి వచ్చింది. గ్రేడింగ్ అంటే ఒలిచిన పప్పును ఏరి వేరు చేయడం. విరగని పప్పైతే పెద్ద గుండు, నడిపి గుండు, చిన్న గుండు, రెండుగా చీలితే బద్ద, ఆపైన ముక్క, ఇలా ఐదు రకాలు. చేతులు శుభ్రంగా ఉండే పని. "మా అమ్మ ఇప్పుడు చేత్తో అన్నం తింటంది సార్. ఇదివరకు చెంచాతో తినేది" అని దమయంతి ఓసారి నాతో అంది.

ఆ ఫ్యాక్టరీలో ట్రేలకూ ప్యాకెట్లకూ అంటించే చీటీలు ఐదు రంగుల్లో ఉండేవి, ఒక్కో రకానికి ఒక్కో రంగు. అచ్చు మాత్రం నాసి. అక్షరాలు అలుక్కుపోయి ఉండేవి. దమయంతి మొదట తెచ్చిన డిజైన్లో ఆ ఐదు రంగులూ ఉంచి మిగతాదంతా బాగు చేసింది. నేను చూసి ముఖం చిట్లించాను. "ఇదేమైనా తిరునాళ్లా? ఒక బ్రాండుకి ఒక ప్యాలెట్ ఉండాలి" అన్నాను. ప్యాలెట్ అంటే ఏరుకున్న కొద్ది రంగుల పొందిక. ఆ పిల్ల ఏదో చెప్పబోయి ఆగిపోయింది. నేను ఆగనివ్వకుండా అడిగి ఉండాల్సింది. అడగలేదు.

వారం తిరిగేసరికి చీటీలన్నీ లేత గోధుమరంగులోకి వచ్చాయి. మధ్యలో సన్నటి గీతలతో జీడిమామిడి కొమ్మ, కింద మూలన చిన్న అక్షరాల్లో గ్రేడు నంబరు. చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉన్నాయంటే, డిపార్టుమెంటులో తోటి వాళ్లను పిలిచి మరీ చూపించాను, నేనే కన్నట్టు.

ఒకరోజు ఫ్యాక్టరీలో వాడి చూస్తామంటే, దాని యజమాని షావుకారు సరేనన్నారు. శుక్రవారం పెట్టుకున్నారు. ఆ సాయంత్రం దమయంతి ఫోన్ చేసింది.

"సార్, పప్పంతా కలిసిపోయింది. బద్దలెల్లి గుండ్ల ప్యాకెట్లలో పడిపోనాయి. షావుకారు మా అమ్మని సోమారం నుంచి మళ్లీ కటింగుకి పంపేత్తానంటన్నారు. నాకు ఉత్తరం కూడా ఇవ్వరట." నాలుగేళ్లుగా నాతో జాగ్రత్తగా పుస్తకాల భాష మాట్లాడిన పిల్ల. "ఉత్తరం పోతే పోనీండి సార్. అమ్మ సేతులు..." అంటూనే ఏడ్చేసింది.

మర్నాడు పొద్దున్నే రైలెక్కి పలాసలో దిగాను.

షావుకారు మర్యాదస్తుడే. కుర్చీ వేయించి టీ ఇప్పించి, అప్పుడు మొదలుపెట్టారు. "ఏటండీ మేస్టారూ ఇది? ఏళ్లుగా ఒక్క ప్యాకెట్టు తప్పు ఎల్లనేదు. గున్నమ్మ బల్లకి పెద్ద. ఆవిడ సూసుకోవాలా వద్దా?"

"తప్పు ఆవిడది కాదండి. అమ్మాయిదీ కాదు. ఆ పిల్ల రంగులు ఉంచింది. నేనే తీయించాను."

ఆయన నన్ను ఎగాదిగా చూసి, "అయితే మీరే ఓ గంట ఏరి సూపించండి" అన్నారు. వేళాకోళమో నిజమో తెలియలేదు. వెళ్లి కూర్చున్నాను. పావుగంటకే, ఆ గోధుమరంగు చీటీలతోనే నా ముందున్న ఐదు ట్రేలలో ఏది ఏదో నాకు తెలియకుండా పోయింది. నంబరు చూడాలంటే ప్రతిసారీ వంగాలి. వంగితే చేతిలోది ఏ రకమో మర్చిపోతున్నాను. చుట్టూ ఉన్న ఆడవాళ్లు నవ్వు ఆపుకోలేక కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

గున్నమ్మ మాత్రం నవ్వలేదు. తల వంచుకుని ఏరుతూనే ఉంది. "నిన్న పొద్దున్నే తెలిసి ఉంటుంది కదమ్మా మీకు. ఒక్క మాట చెప్పాల్సింది" అన్నాను.

"ఎలాగ సెప్తాం మేస్టారూ? మన పిల్ల సేసింది. ఈ బల్ల కాడ పని సేసుకునేవోళ్ల ఇంట్లోంచి ఒక పిల్ల సదువుకొని, ఇంత అందంగా సేసి తెచ్చింది. బాగోనేదనడానికి నోరెలాగొత్తాది?"

జరిగిందిదీ. నంబర్లు చదవడం వాళ్లలో చాలామందికి రాదు. రంగు చూసి చెయ్యి దానంతటదే పోతుంది. రంగులు పోయేసరికి, మాట పైకి రానివ్వకుండా, ఏ ట్రే ఎక్కడుందో గుర్తుపెట్టుకుని ఏరారు. మధ్యాహ్నం బల్ల మీద ఎండ పడుతోందని ఎవరో ట్రేలు అటూ ఇటూ జరిపారు. అంతే. పిల్ల మనసు నొచ్చుకోకూడదని ఇరవైమంది కలిసి కాపాడిన గుట్టు ప్యాకెట్లు కట్టేచోట బయటపడింది.

చీటీలు మార్చి తెస్తే సోమవారం వాడి చూస్తాననీ, అప్పుడూ తప్పు పోతేనే గున్నమ్మను కటింగుకి పంపుతాననీ షావుకారు గడువిచ్చారు. ఇప్పుడేం మార్చాలో చెప్పండమ్మా అని అందరినీ అడిగాను. "శానా బాగుంది మేస్టారూ, ఏటీ మార్సక్కర్లేదు" అన్నారు, ఒక్క గొంతుతో. కొంప మునిగాక కూడా! నాకు దిక్కు తోచలేదు.

అప్పుడు, అంతదాకా ఓ మూల కూర్చుని ఉన్న దమయంతి లేచి, తల్లి పక్కన కూర్చునే ఎర్రమ్మతో, "పిన్నీ, ఇది నా ఊహ కాదు. మా సారు సెప్పి సేయించింది" అంది.

బల్ల చుట్టూ ఏరుతున్న చేతులు ఆగిపోయాయి. అందరూ నా వైపు తిరిగారు. "నిజమేనా మేస్టారూ?" అంది ఎర్రమ్మ. నిజమేనన్నాను.

"అలాగైతే సెప్తాను. ఈ కొమ్మేటి? జీడిమామిడా, ఏపకొమ్మా?"

ఇక చూడండి. "పప్పు రంగు సీటీ పప్పు ట్రేకి అంటిస్తే ఎవులికి కనపడతాది?" అని ఒకరు. "నంబరు సీమ తలకాయంతుంది" అని ఇంకొకరు. "మూలన రాస్తే సెయ్యి అడ్డొత్తాది కదా, ఆ మాత్రం తెల్దా?" అని మూడో ఆవిడ. నాకు చెవులు వేడెక్కాయి, కానీ రాసుకుంటూ పోయాను. మా విద్యలో దీన్ని యూజర్ టెస్టింగ్ అంటాం. చేసిన వస్తువును వాడేవాళ్ల చేతికిచ్చి, వాళ్లెక్కడ తడబడతారో చూడడం. పద్నాలుగేళ్లు తెర మీద స్లైడ్లు వేసి పాఠం చెప్పాను దాని గురించి. తిట్లు తినడం మాత్రం అదే మొదటిసారి. చెప్పొద్దూ, ఆ మధ్యాహ్నం చాలా సంతోషంగా గడిచింది.

ఆదివారం దమయంతి కొత్త చీటీలు తయారు చేసింది. నేను టెక్కలిలో మా మేనమామ ఇంట్లో కూర్చున్నాను, వేలు పెట్టకుండా. ఐదు రంగులూ తిరిగి వచ్చాయి, ఈసారి చీటీ నిండా. ప్రతి చీటీ మీదా ఆ రకం పప్పు బొమ్మ, అసలు సైజులోనే. అనుమానం వస్తే పప్పును బొమ్మ పక్కన పెట్టి చూసుకోవచ్చు. ఈ ఆలోచన నాకు రాలేదు, రాదు కూడా.

సోమవారం సాయంత్రానికి ఒక్క ప్యాకెట్టు తప్పు పోలేదు. మధ్యాహ్నం ట్రేలు కావాలనే జరిపించి చూశారు షావుకారు. తర్వాత తనే వచ్చి, "గున్నమ్మా, నువ్వెక్కడికీ ఎల్లక్కర్లేదు" అని, అక్కడే నిలబడి దమయంతి ఉత్తరం మీద సంతకం పెట్టారు.

అందరూ లేస్తున్నారు. గున్నమ్మ మాత్రం ఒక నీలం చీటీ తెచ్చి కూతురి ముందు పెట్టింది.

"అమ్మీ, ఇది బాగోనేదు. లైట్లేసేసరికి నల్లగా కనపడతంది. కుసింత తేట రంగు ఎయ్యి."

"ఎంత తేటగానే?" అంటూ దమయంతి అప్పుడే పెన్సిల్ తీసింది. ఆ పిల్ల ముఖం వెలిగిపోయింది. నేను నాలుగేళ్లలో వేసిన ఏ మార్కుకూ అంత సంబరపడగా చూడలేదు. ముద్దు చేసి ఊరుకోకుండా, పని తెలిసినవాళ్లు పని తెలిసినవాళ్లతో మాట్లాడినట్టు వాళ్లమ్మ తనతో మాట్లాడింది మరి.

ఇప్పుడు నా విద్యార్థులు ప్రాజెక్టు తెస్తే, అది బాగోలేదన్న మనిషి ఎవరో చెప్పమంటాను. అలాంటివాళ్లు ఎవరూ లేరంటే సంతకం పెట్టను. పిల్లలకు చాదస్తంగా తోస్తుంది. తోచనీ. ఆ రంగులు వద్దని కొట్టేసింది నా చెయ్యి. అందుకు తోలు ఊడబోయింది మాత్రం గున్నమ్మ చేతులకి.