మామా వాళ్లతో వియన్నాకు బయల్దేరిన రోజు

డిగ్రీ రోజుల నుంచీ నాకు ఒకచోట కాలు నిలవదు. రాయచోటి నుంచి కువైట్‌కు పిల్లల్ని చూసుకునే పనికి వచ్చిందీ అందుకే. మిష్రిఫ్‌లో నేను పనిచేసే కుటుంబం ఎండాకాలం మూడు నెలలూ యూరప్‌లో గడుపుతుంది. పిల్లల కోసం ఒక పనిమనిషిని వెంట తీసుకెళ్తుంది. ఈసారి నన్ను రమ్మన్నారు. ఇలా వెళ్లబోయే అమ్మాయిల కోసమే ఇది రాస్తున్నాను. వీసా ఖర్చు వాళ్లదే. వేలిముద్రలకు కువైట్ సిటీలో ఒక పూట పోతుంది. వియన్నాలో వానలని విని ఖైతాన్‌లో ఆరు దీనార్లకు బూట్లు కొన్నాను, అది మాత్రం నా డబ్బు.

బయల్దేరే రోజు తెల్లారేసరికే వంట చేసే ఓబులమ్మక్క పిల్లలకు రొట్టెలు చుడుతోంది. ఆమెదీ మా వైపే. ఊరికి పోయి మూడేళ్లయింది. కూతురికి నెలలు నిండుతున్నాయి. వచ్చే వారానికి సెలవూ, టికెట్టూ ఉన్నాయి. మెట్ల కింద ఆమె అట్టపెట్టె తాడు బిగించి సిద్ధంగా ఉంది.

"ఆడ చలంట పాపా, ఈ స్వెట్టర్ ఏసుకో. నా కూతురికని కొన్న్యా. మన ఎండలకు దానికెందుకులే!"

"నీ పాస్‌పోర్టో అక్కా?"

"బాబా సొరుగులో పెట్టి పోతాడంట. మామానే చెప్పింది."

ఇక్కడ యజమానిని బాబా అని, ఆయన భార్యను మామా అని పిలుస్తాం. మా పాస్‌పోర్టులన్నీ బాబా దగ్గరే ఉంటాయి.

"యల్లా, యల్లా!" అంటూ మామా అందర్నీ కారెక్కించింది. ఆ వేళకు రోడ్లు ఖాళీ, అరగంటలోపే విమానాశ్రయం వచ్చేసింది. కౌంటర్ మీద బాబా పాస్‌పోర్టులు పరిచాడు. వాళ్లిద్దరివి, ముగ్గురు పిల్లలవి, నాది. కింద ఇంకొకటి, అట్ట మూల పసుపు మరకతో. ఓబులమ్మక్కది. బాబా దాన్ని తిరిగి సంచిలో వేసుకున్నాడు.

"మామా, అక్క వచ్చే వారం పోవాలి కదా?"

"ఆమె పోతే ఇల్లెవరు చూస్తారు? మేమొచ్చాక పోతుందిలే. ఖలాస్."

"అయితే నేనుంటాను, అక్కను పోనివ్వండి."

మామా నవ్వింది. "నీ పాస్‌పోర్టు మాత్రం ఎవరి చేతిలో ఉంది?"

గేటు దగ్గర కూర్చుని ఓబులమ్మక్కకు ఫోన్ చేసి చెప్పాను. 

"అయితే నా పాస్‌పోర్టునైనా బద్రంగా చూసుకో పాపా," అంది.

వియన్నాకు ఐదు గంటల పైనే. దారంతా బాబా సంచి నా తల మీది అరలోనే ఉంది. ఓబులమ్మక్క ఎన్నడూ చూడని ఊళ్లన్నీ ఆమె పాస్‌పోర్టు తిరగబోతోంది. విమానం దిగాక చలి వేసింది కానీ, ఆ స్వెట్టర్ వేసుకోవడానికి చేతులు రాలేదు.

మీరు వెళ్లేటప్పుడు బూట్లు, మందులు ఎలాగూ సర్దుకుంటారు. ఇంట్లో ఉండిపోయే మనిషి పాస్‌పోర్టు ఎక్కడుందో మాత్రం కారెక్కక ముందే, ఆమె ఎదుటే అడగండి.