సర్కారు రాయి

పరభాషాపదం పొరపాటున నాలుక మీదికి వస్తే నోరు పుక్కిలించుకున్నంత పని చేసే వయసొకటి నాకూ ఉండేది. కొత్త పెళ్లి, కొత్త ఉద్యోగం, మడత నలగని తెల్లచొక్కా, వీటన్నిటికీ మించి భాషాప్రవీణ పట్టా. తెలుగుభాషను కాపాడే భారం తన భుజాల మీదనే ఉన్నదని నమ్మి, ఆ భుజాలను కాస్త వెనక్కి విరిచి నడిచే ఆ యువకుణ్ణి ఇప్పుడు తలచుకుంటే నాకు కోపం రాదు. వానలో గొడుగు మూసి చంకన పెట్టుకొని తడుస్తూ పోయే మనిషిని చూస్తే కలిగే జాలి వంటిదేదో కలుగుతుంది. మొన్న టీవీలో నలుగురు పెద్దమనుషులు ఇంధన రాయితీలు ఎత్తివేయాలా, వద్దా అని గొంతులు చించుకుంటూ ఉండగా, మా ఆవిడ వంటింట్లోంచి, "ఏమండీ, మళ్లీ మీ రాయి వచ్చింది, చూశారా?" అని కేకవేసింది. ఇన్నేళ్లయినా ఆవిడ ఆ రాయిని నా నెత్తిన వేయడం మానలేదు. దాని కథ చెప్పి బరువు దించుకుందామని ఈ ప్రయత్నం.

గోదావరి ఒడ్డున చదువుకొని, శంషాబాద్‌కూ మంఖాల్‌కూ నడుమనున్న ఒక ఊరి ఉన్నత పాఠశాలకు తెలుగు పండితుడనై వచ్చాను. కాపురం రాజేంద్రనగర్‌లో, రెండు గదుల ఇంట్లో. మా ఆవిడకు ఆ వీధిలోనే ఒక చిన్న బడిలో ఉద్యోగం. నేను మాత్రం ఉదయం బస్సెక్కి, గగన్‌పహాడ్ కార్ఖానాల పొగ దాటుకుంటూ (నేను 'కర్మాగారాలు' అనేవాడిని, కండక్టరు 'ఏ గారాలు?' అని అడిగేవాడు) శంషాబాద్‌లో దిగి, అక్కడినుంచి దొరికిన బండి పట్టుకొని ఊరు చేరేవాడిని. అప్పటికి విమానాశ్రయం రాలేదు. వస్తుందన్న మాట మాత్రం వచ్చింది. దాని వెనకనే సర్వేవాళ్లు వచ్చి, పొలాల నడుమ సున్నం కొట్టిన రాళ్లు పాతి వెళ్లారు. ఊళ్లో వాటిని 'సర్కారు రాళ్లు' అనేవారు. రాయి పడిన పొలం ఉంటుందో, పోతుందో తెలియక ఆ ఊరి రైతులు నిద్ర లేకుండా ఉన్నారు. ఈ సంగతి తెలియనివాడు ఆ ఊళ్లో నేనొక్కడినే. నా కళ్లెప్పుడూ గురులఘువుల మీదనే ఉండేవి.

ఆ ఊళ్లో ఎండాకాలమైనా భుజం మీద గొంగడి దించని ఒక ముసలి రైతు ఉండేవాడు. గొంగడి తాత అనేవారు. ఆయన మనుమరాలు నా తరగతిలో చాలా చురుకైన పిల్ల. ఒకనాడు ఆయన బడికి వచ్చి, "మా పోరి ఎట్ల చదువుతున్నది సారూ?" అని అడిగాడు. ఆ పిల్ల చెప్పింది చప్పున పట్టుకుంటుందని చెబితే సరిపోయేది. కాని నేను ప్రసన్నవదనంతో, "మీ మనుమరాలు సూక్ష్మగ్రాహి" అన్నాను. తాత ముఖం పాలిపోయింది. గబగబా వెళ్లిపోయాడు. తరువాత తెలిసినదేమంటే, నా 'గ్రాహి' ఆయన చెవికి 'రాయి' అయిందట. మరునాడు తెల్లవారగానే ఆయన ఆ పిల్లను దవాఖానకు తీసుకుపోయి, రోజంతా వరుసలో నిలబడి, "మా పిల్లకు కడుపుల సన్నరాయి ఉన్నదని పంతులు చెప్పిండు, జర చూడుండ్రి" అని డాక్టరును వేడుకున్నాడట. ఏ రాయీ లేదని చెప్పి పంపించేసరికి ఆయనకు కలిగిన సంతోషంలో సగం నా మీద కోపంగా మారింది. వారం తిరగకుండా, 'ఈ సారు మాట మాకు సమజ్ గాదు, ఇంకో సారును ఇయ్యుండ్రి' అని ఊరివాళ్లందరి వేలిముద్రలతో ఒక కాగితం మా ప్రధానోపాధ్యాయుని బల్ల మీదికి వచ్చింది. మొదటి వేలిముద్ర గొంగడి తాతది.

ప్రధానోపాధ్యాయులు (పిల్లలకు పెద్దసారు) మంచివారు. కాని ఒక్క మాటకు రెండు మాటలు వాడడం ఆయనకు గిట్టదు. "చూడు పంతులూ, ఈ కాయితం పైకి పంపిన్ననుకో, నిన్ను జిల్లా ఆ కొసకు ఏస్తరు. నువ్వు ఆడ, మీ ఇంటామె ఈడ. వచ్చే శుక్రవారం మన బడిల చర్చ ఉన్నది. గ్యాస్‌నూనె సబ్సిడీ తీసెయ్యాల్నా వద్దా అని పిల్లలు మాట్లాడాలె, తల్లిదండ్రులు ఏమంటున్నరో మండలం సారు వచ్చి రాసుకపోతడు. ఊరోళ్లను పిలువు. వాళ్లకు సమజైతే ఈ కాయితం చింపుత. కాకపోతే పంపుత. ఇంతే." ('గ్యాస్‌నూనె' అంటే కిరసనాయిలని నాకు తెలియడానికి మూడు నెలలు పట్టింది. అంతవరకు గ్యాసులో నూనె ఎలా ఉంటుందని లోలోపల విచారిస్తూ ఉండేవాడిని.)

పెద్దసారు చెప్పిన మాటల్లో నన్ను బాధించినది బదిలీ ఒక్కటే కాదు, 'సబ్సిడీ' కూడా. అంత గరుకైన మాట నా పాఠశాలలో వినబడడమా! చక్కని తేటతెలుగులో 'రాయితీ' ఉండగా! ఆ రాత్రి కూర్చొని ప్రకటన రాశాను: 'ఇంధనముపై ప్రభుత్వ రాయితీ తీసివేయవలెనా, వలదా? ఎల్లరును విచ్చేసి తమ అభిమతమును తెలుపగలరు.' మా ఆవిడ చదివి, "కిరసనాయిలని ఎక్కడా లేదేమండీ?" అంది. "ఇంధనమన్నాక అదీ వచ్చినట్లే" అన్నాను. పిల్లల ప్రసంగాలు కూడా నేనే రాశాను. 'ఖజానా' అన్న చోటల్లా కొట్టివేసి 'కోశాగారము' అని దిద్దాను. ఆ దిద్దుబాటుకు నాకు నేనే ముచ్చటపడ్డాను కూడా.

శుక్రవారం ఉదయం మైకు కట్టిన ఆటోలో ఒకతను ఊరంతా తిరుగుతూ చాటాడు. 'ఇంధనము' దగ్గర అతని నోరు తిరగలేదు కాబోలు, దాన్ని వదిలివేశాడు. 'ప్రభుత్వ' అన్నది పలకడం కష్టమని 'సర్కారు' చేశాడు. మిగిలినది ముక్కలు ముక్కలుగా కూడబలుక్కున్నాడు. ఆ మైకు గరగరలో ఊరికి వినిపించినది ఇది: "సర్కారు రాయి... తీ... తీసెయ్యాల్నా, వద్దా? ఇయ్యాల పగటిపూట ఇస్కూల్ల మాట్లాడుతరు. అందరు వచ్చి చెప్పుండ్రి!"

మధ్యాహ్నానికి బడి ఆవరణ నిండిపోయింది. కోత పని ఆపి వచ్చినవారు, ఎడ్లను విప్పి వచ్చినవారు, కోడలి చెయ్యి పట్టుకొని వచ్చిన ముసలమ్మలు! ముందు వరుసలో గొంగడి తాత. నా ప్రకటనకు ఇంతటి మహిమ ఉన్నదా అని నాకు కళ్లు చెమర్చాయి. పెద్దసారు కూడా నా వైపు కొత్తగా చూశారు. మండలం నుంచి వచ్చిన అధికారి కలం తెరిచారు. చర్చ మొదలైంది. తొలగింపు పక్షాన మాట్లాడినది తాత మనుమరాలే. రాయితీ పేదవానికి చేరకుండా దారి మళ్లుతున్నదనీ, కోశాగారము కుంగుచున్నదనీ గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పి, "కావున ప్రభుత్వ రాయితీని తీసివేయవలెను!" అని ముగించగానే ఆవరణ దద్దరిల్లింది. "తీసెయ్యాలె! తీసెయ్యాలె!" ఈలలు కూడా పడ్డాయి. ప్రతిపక్షం పిల్ల లేచి, "రాయితీ ఉండియే తీరవలెను" అన్నదో లేదో, వెనకనుంచి ఒకాయన, "ఎవల బిడ్డవే నువ్వు? గంత ఇష్టముంటే మీ పొలంల పెట్టుకో!" అని అరిచాడు. పాపం ఆ పిల్ల కోశాగారము దాకా రాకుండానే కూర్చుంది.

అప్పుడు గొంగడి తాత లేచాడు. "సారూ, నా చెల్కల నడిమిట్ల నిలవెట్టిండ్రు దాన్ని. నాగలి తిప్పరాదు, ఎద్దు మలగరాదు. పొద్దుగాల లేస్తే దాని మొకమే చూడాలె. ఇయ్యాలనే తీస్తమంటే చెప్పుండ్రి, గడ్డపార నేనే తెస్త!"

అధికారి అయోమయంగా నా వైపు వంగి, "చెల్కలో సబ్సిడీ ఏమిటండీ?" అన్నారు. ఆ క్షణంలో నేను చేసిన పనిని ఇన్నేళ్లుగా ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడకు తప్ప. నేను పులకించిపోయి, "ఎంతటి రూపకం అయ్యా! నాగలి రైతు స్వయంకృషి. ఎద్దు అతని ఓర్పు. రాయితీ ఆ రెంటికీ అడ్డుగా నిలిచిందని ఆ వృద్ధుడు ఎంత ధ్వనిగర్భితంగా చెప్పాడో చూశారా!" అని వ్యాఖ్యానం చెప్పాను. అధికారి తల ఊపి, 'గ్రామస్థులు ఏకగ్రీవంగా సబ్సిడీ తొలగింపును కోరుతున్నారు' అని రాసి, సిరాదిమ్మతో సహా కాగితాన్ని జనంలోకి పంపారు. వేలిముద్రలు పడడం మొదలైంది.

సరిగ్గా అప్పుడు వచ్చింది అంగడక్క. శంషాబాద్ అంగడిలో కూరగాయలు అమ్ముకొని, రేషనిచ్చే కంట్రోల్ దుకాణానికి పోతూ, చేతిలో ఖాళీ డబ్బాతో జనాన్ని చూసి ఆగింది. "ఏం కాయితం సారూ?" అంది. అధికారి, "గ్యాస్‌నూనె సబ్సిడీ తీసెయ్యమని మీ ఊరంతా అడుగుతున్నదమ్మా. నువ్వూ వేలు వెయ్యి" అన్నారు. అక్క డబ్బా కింద పెట్టింది. నడుం మీద చేతులు పెట్టింది.

"ఏం తాతా! సబ్సిడీ వద్దంటివట? ఇగ రేపటి సంది దీపం దేనితోని పెడ్తవ్? నీ గొంగడి కాలవెడ్తవా?"

"సబ్సిడీ ఏందే? రాయి తీస్తమన్నరు, సర్కారు రాయి!"

"రాయి లేదు రప్ప లేదు. నీ దీపంల నూనె తీస్తున్నరు!"

ఆవరణలోని తలలన్నీ ఒక్కటొక్కటిగా నా వైపు తిరిగాయి. తాత మెల్లగా అన్నాడు: "మల్ల గీ సారేనా? అప్పుడు పిల్ల కడుపుల రాయన్నడు. ఇప్పుడు ఊరు మొత్తానికి వేసిండు." పెద్దసారు లేచి తన గది వైపు అడుగు వేశారు. ఆ గదిలో బల్ల సొరుగు, సొరుగులో కాగితం, ఆ కాగితం వెనక జిల్లా ఆ కొసన ఒంటరిగా వంట చేసుకుంటున్న నా బొమ్మా వరుసగా కనిపించాయి.

మైకు పట్టుకున్నాను. "మహాజనులారా! ప్రభుత్వ రాయితీ యనగా..." అన్నాను. "మల్ల రాయి!" అని ఎవరో మూలిగారు. అంగడక్క డబ్బా వైపు చూశాను. ఆపైన నా నోటివెంట వచ్చిన మాటలు నేను అన్నవో, నెలల తరబడి ఆ బస్సుల్లో, ఆ దారుల్లో నా చెవిన పడి నాకు తెలియకుండా నిలిచినవో చెప్పలేను: "అన్నా, అక్కా, తప్పు నాదే. రాయి కాదు. సబ్సిడీ. కంట్రోల్ దుకాణంల గ్యాస్‌నూనె మీద సర్కారు ఇచ్చే సబ్సిడీ. అది ఉండాల్నా, వద్దా? ఏసిన వేలిముద్రలు ఖతం. జర సోచాయించి మళ్లీ చెప్పుండ్రి."

అంగడక్క, "ఇగో, సారుకు నోరున్నదే!" అంది. నవ్వులు లేచాయి. ఆ నవ్వుల మధ్య అసలైన చర్చ జరిగింది. కోశాగారము ఊసు లేకుండానే. సబ్సిడీ తీస్తే బీదోని ఇల్లు చీకటైతదని ఒకరు. ఉన్నా లాభమేంది, సగం నూనె లారీలకే పోతున్నదని మరొకరు. కార్లున్నోనికి గూడ ఎందుకియ్యాలె అని ఇంకొకరు. "దొంగను పట్టుండ్రి, దీపాన్ని గాదు" అన్నది అంగడక్క. అధికారి పాత కాగితం చింపి, ఇవన్నీ ఓపికగా రాసుకున్నారు. చివర తాత ఆయన భుజం మీద చెయ్యి వేసి, "ఎట్లనో వచ్చినవ్. గా రాయి సంగతి గూడ రాయి సారూ" అన్నాడు. "ఏం రాయమంటారు?" అన్నారు అధికారి. "రాయి అనే రాయి!" అన్నాడు తాత.

పోతూ పోతూ ఆయన నా దగ్గర ఆగాడు. "ఇంతకు నువ్వన్నది రియాయతా సారూ? మా నాయిన అంటుండె. ఉర్దూ మాట గదా. గట్లనే అంటే నాకు సమజ్ గాకపోవునా?" ఇంటికి వెళ్లి, కాళ్లు కూడా కడుక్కోకుండా నిఘంటువు తీశాను. ఉన్నది. తాత చెప్పినట్లే ఉన్నది. తేటతెలుగని నేను నెత్తిన మోసిన మాట, ఎప్పుడో పరాయిగడ్డ నుంచి వచ్చి ఇక్కడ కాపురం పెట్టుకున్నదే, అచ్చం నాలాగే.

సొరుగులోని కాగితాన్ని ఏం చేద్దామని పెద్దసారు ఆ మరునాడు తాతనే పిలిచి అడిగారట. "ఉండనియ్యి సారూ. ఇప్పుడిప్పుడే మాటలొస్తున్నయి" అన్నాడట తాత. నా ఉద్యోగజీవితంలో నాకు దొరికిన యోగ్యతాపత్రాల్లో దానికంటె గొప్పది లేదు.

రెండేళ్లకు విమానాశ్రయం హద్దు గీత కొంచెం అటు జరిగింది. తాత చెల్క బతికింది. ఒక సాయంత్రం ఎడ్లబండి బడి ముందు ఆగింది. బండిలో ఆ సున్నపు రాయి. "సర్కారు రాయి తీసిన సారూ. నువ్వు అప్పుడే చెప్పినవ్ గదా, జర లేటయింది" అన్నాడు. పిల్లలు కాళ్లు కడుక్కునే చోట దాన్ని వేయించాము.

ఇప్పుడు తాత లేడు. ఆ చెల్కలో ప్లాట్ల గీతలున్నాయి. పైన విమానాలు తిరుగుతున్నాయి. మేము గొంతులు చించుకున్న గ్యాస్‌నూనె ఎవరికీ గుర్తు లేదు. మొన్న ఆ బడిలో వార్షికోత్సవానికి పిలిస్తే వెళ్లాను. ఎన్ని రాయితీలు వచ్చాయో, ఎన్ని పోయాయో, ఆ రాయిని మాత్రం ఎవరూ తీయలేదు. మోకాళ్ల నొప్పులతో దాని మీద కూలబడుతూ, అక్కడ కూర్చొని ఉన్న పడుచు పంతులుతో, "జర జరుగు నాయనా" అన్నాను. అన్నాక గమనించాను, 'జర' అన్నానని. పక్కనే నల్లా ఉన్నది, నీళ్లు కూడా వస్తున్నాయి, నోరు పుక్కిలించుకోలేదు.