బాపు చేతికి చాలని పట్టీ

లాల్‌దర్వాజాలో మా ఇంటి ఎదురుగా ఉన్న మందుల షాపాయన అంటే నాకు ఇప్పటికీ కడుపుమంట. ఆయన మంచివాడని ఎవరైనా అంటే ఆ మంట ఇంకా ఎక్కువవుతుంది. నిజానికి మంచివాడే. బీపీ చూపించుకోవడానికి ఎవరు వెళ్లినా ముందు చాయ్ తాగించి, ఇంటి సంగతులు అడుగుతూ చేతికి పట్టీ చుట్టేవాడు. మా బాపును ముంచింది ఆ మర్యాదే.

బాపు నలభై ఏళ్లు బర్రెల పాలు పిండినవాడు. ఆ లావు జబ్బకు షాపాయన పట్టీ చాలేది కాదు. ఆయన దాన్నే చొక్కా మీద నుంచి బిగించి, దాణా ధర గురించి మాట్లాడిస్తూ గాలి కొట్టేవాడు. ప్రతిసారీ నూట డెబ్బై పైనే వచ్చేది. ఆయన ఇచ్చే బీపీ గోలీ ఒకటి కాస్తా రెండయింది. తల తిరుగుతోందని బాపు చెబితే అది కూడా బీపీ వల్లేనని మూడోది కలిపాడు. ఒక పొద్దున పాలు పిండి లేస్తూనే బాపు కూలిపోయాడు. తుంటి ఎముక విరిగింది.

ఆసుపత్రిలో నర్సమ్మ వెడల్పాటి పట్టీతో చూస్తే వంద కూడా లేదు; గోలీలు ఎక్కువై బీపీ పడిపోయిందట. లావు చేతికి చిన్న పట్టీ కడితే అంకె ఎక్కువ చూపిస్తుందని, చాయ్ తాగిన వెంటనే చూడకూడదని, వీపు ఆనించి, పాదాలు నేలకు పెట్టి ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలని ఆమె ఓపికగా చెప్పింది. వింటున్నంతసేపూ నేను మనసులో షాపాయన గొంతు పిసుకుతూనే ఉన్నాను.

ఆయనతో లొల్లి పెట్టుకోలేదు. రెండు సైజుల పట్టీలున్న మిషన్ కొని, ఆదివారం పొద్దున మా అరుగు మీద కుర్చీ వేశాను. పైసా తీసుకోనన్నాను. వచ్చినవాళ్లకు ఆయన చెప్పిన అంకె పక్కనే నా అంకె రాసిచ్చి, డాక్టరుకు చూపించమన్నాను. నెల తిరిగేసరికి ఆయన షాపులో బీపీ చూసే బల్ల ఖాళీ. ఆ రోజు నేను కడుపునిండా తిన్నాను.

తర్వాతి ఆదివారం ఆయనే వచ్చాడు. రెండు రోజులుగా తలనొప్పట. కుర్చీని మా గుమ్మం వైపు తిప్పి కూర్చోబెట్టాను. లోపల మంచం మీద బాపు, పక్కన బాపు నడవడానికి వాడే ఇనుప స్టాండు కనబడుతున్నాయి.

"బిడ్డా, మీ బాపు సంగతిల నాతోని తప్పు..." అన్నాడు.

"మాట్లాడకుండ్రి. అంకె తప్పొస్తది," అన్నాను.

బాపునే చూస్తూ కూర్చున్నాడు. ఐదు నిమిషాలు దాటినా నేను మిషన్ నొక్కలేదు.

చివరికి నొక్కితే నూట తొంభై. రెండోసారి చూసినా అంతే. ఏం లేదని చెప్పి పంపేద్దామని ఒక్క క్షణం మనసు గుంజింది. ఆ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. కానీ తప్పు అంకె చెప్పి ఒక మనిషిని పడగొట్టాక ఇంట్లోకి వెళ్లి బాపు ముఖం ఎట్లా చూడను? ఉన్నదున్నట్టు కాగితం మీద రాసి, ఇప్పుడే ఆసుపత్రికి పొమ్మని ఆటో పిలిచాను.

ఆటో ఎక్కుతూ ఆయన మళ్లీ ఏదో చెప్పబోయాడు. నేను తర్వాతి మనిషిని కూర్చోమన్నాను.