చివరి వరసకు వినపడాలి

మొన్న శుక్రవారం పొద్దున్న తులసమ్మకు నీళ్లు పోస్తుంటే మా అమ్మాయి ఫోను చేసింది. తను అచ్యుతాపురంలో ఒక బడిలో టీచరు. బస్సులోంచి మాట్లాడుతోంది. "అమ్మా, మా నాటకం సార్ పోయారటే. నిద్రలోనే పోయారట," అని ఏడ్చింది. నేను చెంబు పక్కన పెట్టి గట్టు మీద కూర్చుండిపోయాను. చెబితే తప్పనుకుంటారేమో గానీ, ఆయన గుర్తు రాగానే నాకు ముందు నవ్వొచ్చింది. కన్నీళ్లు తర్వాత వచ్చాయి.

నేను పదో తరగతితో చదువు ఆపేసినదాన్ని. ఆయన మా అమ్మాయికి మాస్టారు. హార్బరు దగ్గరి కాలేజీలో డిగ్రీ చదివేటప్పుడు తను నాటకం పేపరు తీసుకుంది. సులువుగా మార్కులొస్తాయని ఎవరో చెప్పారట. తీరా చేరాక మొదటి వారమంతా స్టేజీ ఊడ్పించారు. "చీపురుకీ మార్కులే పాపా. ఊడిసిన నేల మీద అడుగు భయం లేకుండా పడతాది," అనేవారట. ఆయనది భీమిలి. పుస్తకం చదివితే పుస్తకంలా చదివేవారు, మామూలుగా మాట్లాడితే వాళ్ల ఊరి మాటే. పిల్లలు వేషాలు వేస్తుంటే ఆయన ఎప్పుడూ ముందు కూర్చోలేదు. హాల్లో చివరి వరసలో, గోడ పక్క కుర్చీ ఆయనది. మాట వినపడకపోతే తువ్వాలు పైకెత్తేవారు. వినపడితే దించేవారు. మధ్యలో రేవులో ఓడ కూత వేస్తే అందరూ ఆగాలి. "దాంతో పోటీ పడకండి. దాని మాట అయ్యాక మీ మాట," అనేవారు.

ఆ ఏడాది మా అమ్మాయికి టైఫాయిడ్ వచ్చింది. చాలా రోజులు కాలేజీకి వెళ్లలేదు. తోటి పిల్లలు తెర వెనక పని చేశారు, నాటకాలు చూసి వ్యాసాలు రాశారు. తను మంచం మీద ఉంది. మార్కులు తగ్గిపోయాయి. ఆ పేపరు పోతే డిగ్రీ చేతికి రాదు, బి.ఎడ్.లో చేరడం కుదరదు. మాస్టారిని బతిమాలితే అదనపు మార్కులకు ఒక దారి చూపించారు. ఎప్పుడూ స్టేజీ ఎక్కని ఇంటి మనిషిని తెచ్చి, ఇద్దరూ కలిసి చిన్న నాటకం వెయ్యాలి. మైకు ఉండదు. ఆ ఇంటి మనిషి మాట చివరి వరసకు వినపడితేనే మార్కులు.

"మీ నాన్నను తీసుకెళ్లు," అన్నాను.

"నాన్న నవ్వాపుకోలేరు. నువ్వే రావాలి."

నా గొంతు సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. నేను పిలిస్తే పిల్లి కూడా రాదని మా ఆయన అంటుంటారు.

నాటకం మా అమ్మాయే రాసింది. కూతురు ఆలస్యంగా ఇంటికొస్తుంది, తల్లి తిడుతుంది, కోపంతో దీపం ఉఫ్‌మని ఊదేస్తుంది. చీకట్లో "అన్నం తిన్నావా?" అంటుంది. అంతే. అది చదివి కాగితం తిరిగి ఇచ్చేశాను.

"దీపం నోటితో ఊదను."

"అమ్మా, అది నాటకం దీపమే!"

"దీపానికి తెలుసా, అది నాటకమని?"

"నా మార్కులు పోతాయే తల్లీ!"

ఆ పంచాయితీ మాస్టారి దగ్గరికి వెళ్లింది. నేను తలొంచుకుని నిలబడ్డాను. ఆయన విసుక్కోలేదు.

"సెల్లెమ్మా, ఇంట్లో దీపం ఎలా కొండెక్కిత్తావు?"

"పువ్వుతో సార్."

"కోపమొత్తే ఏటి సేత్తావు?"

"మాట్లాడను సార్."

పిల్లలంతా ఘొల్లున నవ్వారు. ఆయన మాత్రం నవ్వలేదు. "అలాగే సెయ్యి. కోపంగా ఉండు, పువ్వుతోనే కొండెక్కించు. ఊదితే సిటికెలో అయిపోతాది. పువ్వుతో అయితే నీ కోపం, నీ నెమ్మది రెండూ అగుపడతాయి," అన్నారు. నా భక్తిని పట్టించుకుని, దానికో చోటు చూపించిన చదువుకున్న మనిషి నాకు అంతవరకు తారసపడలేదు.

నాటకం రోజు నేను స్టేజీ కింద చెప్పులు విడిచి ఎక్కాను. అలవాటుగా దీపం వెలిగించాను, అలవాటుగా కళ్లు మూసుకున్నాను. ఇక అక్కడే ఉండిపోయాను. నా బిడ్డ పాసవ్వాలని ఆ సింహాద్రి అప్పన్నకు నిజంగానే మొక్కుకుంటున్నాను. హాలంతా ఎదురుచూస్తోంది. చివరికి మా అమ్మాయే, "దణ్ణం అయిందేటే అమ్మా? ఇంక నన్ను తిట్టాల గదా!" అంది. అందరూ నవ్వారు. అది నాటకంలోదే అనుకున్నారు.

తిట్టడం మొదలుపెట్టాను. చివరి వరసలో తువ్వాలు లేచింది. ఇంకొంచెం గట్టిగా అన్నాను. దిగలేదు. మా అమ్మాయి మొహం చూస్తే ఆ టైఫాయిడ్ రోజులు గుర్తొచ్చాయి. చామంతి పువ్వు తీసి దీపం మీద పెట్టాను. దాంతోపాటే హాల్లో లైట్లూ ఆర్పేశారు, చీకటైంది. అదే సమయానికి ఓడ కూత. ఆగాను. అది పూర్తిగా అయ్యేదాకా ఆగాను. ఇంటికొచ్చిన పిల్లను అడిగినట్టే అడిగాను.

"అన్నం తిన్నావా?"

చీకట్లో తువ్వాలు కనపడదు కదా. అప్పుడు చివరి వరసలోంచి ఒక గొంతు వచ్చింది.

"తిన్నానమ్మా!"

హాలు చప్పట్లతో మోగిపోయింది. మా అమ్మాయి నన్ను వాటేసుకుంది. పేపరు గట్టెక్కింది. తర్వాత ఆయన్ని అడిగాను, "ముందు మాటలు వినపడలేదు కదా సార్, మార్కులెలా ఇచ్చారు?" అని. "ముందంతా నటించావు. నటన నాకు ఇనపడ్నేదు," అన్నారు.

ఆ తర్వాత ఆ కాలేజీలో ఏ నాటకం వేసినా నాకు కబురు చేసేవారు. గుమ్మంలో నమస్కారం పెడితే, "అన్నం తిన్నావా సెల్లెమ్మా?" అనేవారు. నేను గట్టిగా బదులు చెప్పేదాకా లోపలికి పోనిచ్చేవారు కాదు.

నిన్న ఆ హాల్లోనే సంతాప సభ జరిగింది. స్టేజీ శుభ్రంగా ఊడ్చి ఉంది. ఆయన ఫొటో ముందు దీపం. అందరూ మాట్లాడారు, నన్నూ పిలిచారు. మైకు ఇవ్వబోతే వద్దన్నాను. ఒక్క మాటే అడిగాను.

"అన్నం తిన్నారా మాస్టారూ?"

సభ అయ్యాక జనం వెళ్లిపోతుంటే నేను స్టేజీ దగ్గరే నిలబడ్డాను. చేతిలో చామంతి పువ్వుంది. దీపం దగ్గరికి వెళ్లాను గానీ కొండెక్కించబుద్ధి కాలేదు, మరికాస్త నూనె పోశాను. నెమ్మదిగా వెనక్కి నడిచి, చివరి వరసలో గోడ పక్క కుర్చీలో ఆ పువ్వు పెట్టి, స్టేజీ వైపు తిరిగి చూశాను. అక్కడి నుంచి దీపం చక్కగా కనపడుతోంది.